ద్రాక్షతోటల కూలీలు - సర్కారు వైద్యము

మనము పాయసములో వేసికొను కిస్‌మిస్‌ను, నేను కాపురమున్న ఈ కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పరిసరములయందు, సెప్టెంబరు ఎండలో, ద్రాక్షసాళ్ల నడుమ నేలపై కాగితములు పరచి ఆరబెట్టుదురు. ఆ గుత్తులను కోసి పరచువారు పెక్కురు మెక్సికోనుండి వచ్చిన కూలీలు. వారు జబ్బుపడిన వైద్యము చేయించవలసినదెవరన్న ప్రశ్నకు ఈ అమెరికా దేశము తొంబదియేండ్లుగా నీళ్లు నములుచునేయున్నది.

1935లో వృద్ధాప్యపు పింఛనుల చట్టమును, 1938లో కనీసవేతన చట్టమును చేసినపుడు, ఫ్యాక్టరీ కార్మికుని లోనికి పిలిచిన పెద్దలు పొలము కూలిని గడప వెలుపలనే నిలిపిరి. 1942లో, యుద్ధమువలన మనుషులు కరవై, మెక్సికోతో ఒడంబడిక చేసికొని, 'బ్రసేరో'లను పేర లక్షలాది పురుషులను రప్పించి 1964 దాక పనిచేయించుకొనిరి. ఆ మాటకు మూలము బాహువను అర్థముగల స్పానిషు పదము. పిలిచినది బాహువులనే గాని వెన్నెముకను లెక్కింపలేదు. నిలువున నిలిచి త్రవ్వ వీలులేని పొట్టిపిడి పారతో, కూలీలు 'ఎల్ కోర్తీతో' యని పిలుచు దానితో, దినమెల్ల వంగి వంగి నడుములు విరిగినవారెందరో యుండగా, కాలిఫోర్నియా దానిని 1975లో గాని నిషేధింపలేదు.

1960లో ఎడ్వర్డ్ మర్రో అను విలేఖరి, దేశమెల్ల థాంక్స్‌గివింగ్ పండుగ విందులారగించిన మరునాడే, ఈ కూలీల దైన్యమును టెలివిజనులో చూపగా, 1962లో అధ్యక్షుడు కెనెడీ వలసకూలీల వైద్యశాలలకు ధనమిచ్చు చట్టముపై సంతకము చేసెను. 1965లో పేదలకై మెడికెయిడ్ వచ్చినది. 1996 చట్టమో, గ్రీన్‌కార్డు గలవారిలో పెక్కురను సైతము దానికై అయిదేండ్లు ఆగుమన్నది. కాలిఫోర్నియా మాత్రము తన సొంత ఖజానానుండి, వలస అనుమతి కాగితములు లేని పిల్లలకు 2016లోను, అట్టి అన్ని వయసుల పేదలకు 2024 నాటికిని, మెడి-కాల్ అను తన మెడికెయిడ్‌ను తెరచి, 2026 జనవరినుండి క్రొత్తగా చేరగోరు పెద్దలకు మరల మూసినది.

తలుపు తెరచియున్నంతమాత్రమున లోనికి పోవుదురా? ప్రభుత్వమునకు భారము కాగలవానిని రానీయరాదన్నది 1882 నాటి చట్టము. 2019లో, పెద్దలు మెడికెయిడ్ వంటి సాయము పొందుటయు భారమేయని దానికి క్రొత్త భాష్యము చెప్పిరి, రెండేండ్లకు విడిచిరి. 2019 శరత్కాలమున మా వీధిచివరి యొక కూలియమ్మ, దగ్గుతో బాధపడు బిడ్డకై నాచేత దరఖాస్తు నింపించుకొనినది. బిడ్డ ఈ గడ్డమీద పుట్టినవాడు, పూర్తి హక్కుగలవాడు. నాకు వచ్చిన నాలుగు స్పానిషు ముక్కలలో ఆ సంగతి విన్నవించితిని. కాని గ్రీన్‌కార్డుకై ఏండ్లతరబడి వరుసలో నిలిచిన నాకు ఆమె జంకు తెలియనిదా? ద్రాక్షరసమునకు నల్లబడిన వ్రేళ్లతో కలమందుకొని, సంతకము చేయకయే క్రిందబెట్టి, ఆ కాగితమును నాలుగు మడతలు పెట్టి, గుత్తులు కోయు కత్తి ప్రక్కన సంచిలో దాచుకొనినది.