చిత్రకవిత్వమున మానవదేహము

గడచిన వేసవిలో మా అల్లూరిలో, నా యొద్ద చదువుకొను బాలుడొకడు తన యవ్వను పోగొట్టుకొనెను. కర్మ ముగిసిన కొన్నాళ్లకు వాడొక కాగితము తెచ్చి నాచేతి కిచ్చెను. శరీరశాస్త్రపాఠమున జూచిన యస్థిపంజరమును, గీతలకు మారుగా అక్షరములు పేర్చి, వాడందు చిత్రించినాడు. ఒక్కొక్క యెముకయు నొక్కొక్క వాక్యము. చేతియెముకలలో అవ్వ ముగ్గు వేయుట, బియ్యము చెఱుగుట, తనకు తల దువ్వుట వ్రాసియున్నవి. ఇంటివారు అది యశుభమని చింపివేయబోగా, దాచియుంచుడని నాయొద్దకు తెచ్చినాడు. దేహమును, అందును మృతదేహమును, అక్షరములతో చిత్రించుట తగునా? మన సాహిత్యచరిత్ర యేమి చెప్పునో చూతము.

అక్షరములను బొమ్మగా కూర్చుట మనకు క్రొత్త కాదు. దండి తన కావ్యాదర్శమున గోమూత్రిక, అర్ధభ్రమము, సర్వతోభద్రము మొదలగువానికి లక్షణములు చెప్పెను. రెండు పాదములను క్రిందుమీదుగా వ్రాసి, మీది దొకటి, క్రింది దొకటిగా అక్షరములను చదివినను అవే పాదములు వచ్చుట గోమూత్రిక. నడచుచున్న యెద్దు నేలపై విడుచు వంకరజాడను బట్టి యా పేరు కలిగినది. కిరాతార్జునీయమున 15వ సర్గయు, శిశుపాలవధమున 19వ సర్గయు ఇట్టి శ్లోకములకు ప్రసిద్ధములు. తెలుగున గణపవరపు వేంకటకవి రచించిన ప్రబంధరాజ వేంకటేశ్వర విజయ విలాసము బంధకవిత్వమునకు పుట్టినిల్లు వంటిది.

ఇచ్చట గమనింపదగిన దొకటి కలదు. భారవి మాఘుల యా రెండు సర్గలును యుద్ధసర్గలే. మాఘుని సర్గలో చక్రము కలదు, మురజము కలదు. ఆ బంధములు ఆయుధమునకును వాద్యమునకును రూపమిచ్చినవి గాని, నేలగూలిన వాని దేహమునకు రూపమీయలేదు.

అట్లని మన యాలంకారికులు దేహమును మఱచినవారు కారు. రాజశేఖరుడు కావ్యమునే పురుషునిగా భావించి, శబ్దార్థములు శరీరము, సంస్కృతము ముఖము, ప్రాకృతము బాహువు, పైశాచి పాదములు, రసమాత్మ యని చెప్పెను. 9వ శతాబ్దిలో ఆనందవర్ధనుడు ధ్వనిని కావ్యాత్మగా నిలిపి, ధ్వని లేని చిత్రము కావ్యమున కనుకరణమే గాని కావ్యము కాదనెను. 11వ శతాబ్దిలో మమ్మటుడు దాని నధమకావ్యముగా గణించెను. వారి తీర్పున చిత్రకావ్యము ఆకృతి యుండియు ప్రాణము లేనిది. ప్రాణము లేని రూపముతో, ప్రాణము పోవుటను గూర్చి యేమి చెప్పగలము?

సమాధానము భారతమున స్త్రీపర్వములో గలదు. సాత్యకిని చంపబోవుచున్న భూరిశ్రవసుని బాహువును అర్జునుడు ఖండించెను. పిదప ప్రాయోపవిష్టుడైన యాతనిని సాత్యకి వధించెను. యుద్ధానంతరమున గాంధారి శ్రీకృష్ణునకు రణభూమిని చూపుచు, తెగిన యా చేతిని ఒడిలో నిడుకొని విలపించుచున్న యాతని భార్యను చూపును. శత్రువులను చంపినది, మిత్రులకు అభయమిచ్చినది, గోదానములు చేసినది, ప్రియురాలిని లాలించినది, ఆ చేయియే. మమ్మటుడు ఈ ఘట్టమునుండియే యొక శ్లోకము నుదాహరించి, ఇందు శృంగారము కరుణమున కంగమైన దని వివరించెను. ఇందు బంధము లేదు, గీత లేదు. అయినను చేయి కంటికి గట్టును. అది చేసిన పనులే దానిని చిత్రించినవి. ఈ స్త్రీపర్వమును 13వ శతాబ్దిలో, మనుమసిద్ధి యేలుబడిలో, మా నెల్లూరి సీమవాడైన తిక్కన తెనిగించుట మాకు గర్వకారణము.

మృతదేహమును చూచుట పాపమని మన పూర్వులందఱును తలచలేదు. సుశ్రుతుడు శవమును గడ్డితో చుట్టి, పారు నీటిలో ఏడుదినము లుంచి, పిదప కుంచెతో మెల్లగా రాచుచు, చర్మము మొదలు లోపలి యంగముల వఱకు కన్నులార చూడుమని శల్యవైద్యునకు బోధించెను. ఎముకలు వేదవాదుల మతమున 360, శల్యతంత్రమున 300 అని రెండు లెక్కలను తెలిపెను. నేటి లెక్కకు పెద్దవారియందు 206. కాలక్రమమున శవస్పర్శము మైలయై, ఆ విద్య మూలబడినది. 1836లో కలకత్తా వైద్యకళాశాలలో మధుసూదన గుప్తుడు శవచ్ఛేదమునకు పూనుకొనుట ఆ భయమునకు వేసిన పెద్ద గొడ్డలిపెట్టు.

ఐరోపాలో 1543లో వెసేలియసు ప్రకటించిన శరీరశాస్త్రగ్రంథమున, అస్థిపంజర మొకటి సమాధిపై మోచేయి యానించి, కపాలముపై చేయివైచి యాలోచించుచున్నట్లు చిత్రింపబడినది. వైద్యుని పటమే యచ్చట కావ్యమైనది. ఆంగ్లకవి జార్జి హెర్బర్టు పద్యములు 1633లో ఱెక్కల యాకృతితో, బలిపీఠపు టాకృతితో అచ్చయినవి. ఫ్రెంచికవి అపొలినేరు 1916లో యుద్ధమున తలకు గాయపడెను. వానచినుకులవలె జాఱు అక్షరములు గల యాతని పద్యసంపుటము 1918లో వెలువడెను. ఆ యేడే ఆయన మరణించెను.

కావున దోషము బొమ్మయం దున్నదనుట పాడి కాదు. అక్షరములను ఎముకలవలె పేర్చుట నేర్పు మాత్రమే. ఆ యెముకలు ఎవరివో, ఏమేమి చేసినవో చెప్పినప్పుడు నేర్పు కవిత్వమగును. మన యిండ్లలో మరణము సంభవింపగనే పిల్లలను ప్రక్కయింటికి పంపుదుము; వారి ప్రశ్నలకు అశుభమను నొక్కమాటతో నోరు కట్టుదుము. దుఃఖము దానిచేత తీఱదు. మాటలేక లోపల గడ్డకట్టును.

నేను ఆ కాగితమును దాచలేదు. బాలునితో వాని యింటికిపోయి, తండ్రిని కూర్చుండబెట్టి, చేతియెముకల వాక్యములను చదివి వినిపించితిని. మూడవ వాక్యమునకే ఆయన కన్నులు తుడుచుకొని, "మా అమ్మ ముగ్గు ఎడమచేత్తో వేసేదయ్యా, వీడు కుడిచేతిలో రాసినాడు" అనెను. బాలుడు లోపలికిపోయి కలము తెచ్చి దిద్దెను.