ఉండేలు, బందూక్, తుపాకి: మా పెరట్లో నిషానా

మొన్న ఈద్‌కి మా భాంజా తనకొచ్చిన ఈదీ అంతా లెక్కపెట్టుకుని, ఇంకా కొంత తక్కువైందని నా దగ్గరికి వచ్చాడు. "మామూ, ఎయిర్ రైఫిల్ కొనుక్కుంటా. పెరట్లో కాగితం పెట్టి కొడతా. పిట్టల జోలికి పోను, కసమ్ సే" అన్నాడు. ఇంటర్ చదువుతున్నాడు. షూటింగ్ వీడియోలు చూసి చూసి షౌక్ ముదిరింది.

నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి అమ్మీ గొంతు: "ఘర్ మే బందూక్ నక్కో బాబా, నక్కో!"

అమ్మీ ఖౌఫ్‌కి రెండు కారణాలున్నాయి. ఒకటి నా ముఖం మీదే ఉంది. పదకొండేళ్లప్పుడు మార్కాపురంలో దోస్తు వాళ్లన్న ఎయిర్ గన్ దొంగతనంగా తెచ్చి, పెరట్లో పేర్చిన పలకరాయి ముక్కల మీద అగ్గిపెట్టె నిలబెట్టి కొట్టాం. అగ్గిపెట్టెకి తగల్లేదు. రాయికి తగిలిన ఛర్రా వెనక్కి తిరిగొచ్చి నా ఎడమకంటి కింద ఎముక మీద దిగింది. ఒక వేలెడు పైకి తగిలుంటే ఈ మజ్మూన్ ఒంటికన్నుతో రాస్తుండేవాణ్ణి. డాక్టర్ రెండు కుట్లు వేశాడు. అబ్బా నాలుగు వేశారు, అవి వేరే చోట.

రెండో కారణం అమ్మీ పైకి చెప్పలేదు. నాకు తెలుసు, మీకూ తెలుసు. ముసల్మాన్ ఇంట్లో బందూక్ అంటే వీధి ఏమనుకుంటుంది? పక్కింటి పెద్దిరెడ్డిగారి మనవడు పెరట్లో ఎయిర్ గన్ పేలిస్తే "పిల్లోడి సరదా". మా వాడు పేలిస్తే? ఆ ప్రశ్న దగ్గరే నేనూ రెండు రోజులు ఆగిపోయాను. ఆగి, నా అలవాటు కొద్దీ, తారీఖ్ పుస్తకాలు తిరగేశాను.

మన పశ్చిమ ప్రకాశంలో తుపాకి భయం ఒక్క ముసల్మానులది కాదు. 1970 ఫిబ్రవరిలో ప్రకాశం జిల్లా పుట్టేదాకా మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి. 1858కి ముందు కడప జిల్లాలోవి. 1800లో నిజాం ఈ ఇలాకా మొత్తాన్ని కంపెనీకి రాసిచ్చాడు. దత్త మండలాల తొలి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ముందు ఉన్న పెద్ద పని శిస్తు కాదు, ఆయుధాలు. 80 మంది పాలెగాళ్లు, వాళ్ల వెనక 30 వేల మంది సాయుధులు. ఏడేళ్లలో వాళ్ల కోటలు, తుపాకులు, బలగాలు అన్నీ ఊడ్చేశారు. కొందరికి పెన్షన్ ఇచ్చారు, కొందర్ని బందీ చేశారు.

తర్వాత 1839. కర్నూలు నవాబ్ గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా ఫిరంగులు, మందుగుండు పోగేస్తున్నాడని కంపెనీకి ఖబర్ అందింది. ఆ ఏడాదే హైదరాబాద్‌లో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలాని కూడా సాజిష్ పేరుతో పట్టుకున్నారు. అక్టోబర్‌లో ఫౌజు కర్నూలు కోటలోకి వెళ్లి సోదా చేస్తే లెక్కకు మించిన ఆయుధాలు బయటపడ్డాయి. జొహరాపురం దగ్గర లడాయి జరిగింది, నవాబ్ పట్టుబడ్డాడు. రియాసత్ పోయింది. ఆయన్ని తిరుచిరాపల్లికి పంపారు. మరుసటి ఏడాది అక్కడే హత్యకు గురయ్యాడు. అంత సామగ్రి ఆయన దేనికి కూడబెట్టాడన్న దాని మీద ముఅర్రిఖులు ఇప్పటికీ వాదించుకుంటారు. నా మట్టుకు నాకు కనబడేది ఒకటే. ఇంట్లో దొరికిన ఆయుధం, దాచినవాడి నియ్యత్ ఏమిటని అడగనివ్వదు.

ఏడేళ్లకి, 1846 జూలైలో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా కొట్టి నల్లమల వైపు వచ్చాడు. కంపెనీ బలగాలతో ఆయన ఎదురుకాల్పులకు దిగింది మన గిద్దలూరు దగ్గరే. మరుసటి ఫిబ్రవరిలో ఉరి తీసి తలని కోయిలకుంట్లలో వేలాడదీశారు. ఏళ్ల తరబడి అది అక్కడే ఉంది. 1857 తర్వాత దొరల ఖౌఫ్ ఇంకా పెరిగింది. లార్డ్ లిట్టన్ 1878లో ఆయుధాల చట్టం తెచ్చాడు. హిందుస్తానీ దగ్గర తుపాకి ఉండాలంటే లైసెన్స్, దొరకి మాత్రం మినహాయింపు. ఆ చట్టం పోయి ఇప్పుడున్న చట్టం వచ్చింది 1959లో, అంటే ఆజాదీ వచ్చిన పన్నెండేళ్లకి.

నా తరానికి ఇంకో జ్ఞాపకం ఉంది. 2004 అక్టోబర్‌లో శాంతి చర్చల కోసం మావోయిస్టు నేతలు నల్లమల నుంచి బయటికి వచ్చింది మన ఎర్రగొండపాలెం వైపు చిన్నారుట్ల దగ్గర. అడవి అంచు పల్లెల్లో రాత్రి తలుపు తట్టేది ఎవరైనా, తట్టినవాడి భుజాన తుపాకి ఉండేది. అన్నలు కావచ్చు, పోలీసులు కావచ్చు. అన్నం పెట్టినా తప్పే, పెట్టకపోయినా తప్పే. అందుకని అమ్మీ భయాన్ని నేను వహెమ్ అని కొట్టిపారెయ్యలేను. ఈ నేలకి రెండొందల ఏళ్లుగా ఉన్న భయం అది.

కానీ ఎయిర్ గన్ ఆ ఖాన్‌దాన్‌ది కాదు. దాని వంశం వేరు. ఇక్కడ నాకు చరిత్ర కంటే లుగత్ ఎక్కువ సాయం చేసింది.

మనం ఇంట్లో "బందూక్" అంటాం, వీధిలో "తుపాకి" అంటాం. రెండూ తురక మాటలే. రెండూ బారూద్ పుట్టకముందు పుట్టినవి. అరబీలో "బుందుఖ్" అంటే హేజల్‌నట్ కాయ. నల్లసముద్రం ఒడ్డు పొంటస్ నుంచి వచ్చిన కాయ కాబట్టి ఆ పేరు యూనానీ నుంచి అరబీలోకి వచ్చిందని పండితులు చెబుతారు. ఆ కాయంత మట్టి ఉండనీ బుందుఖ్ అన్నారు. ఆ ఉండని విసిరే కమాన్ "ఖౌసుల్ బుందుఖ్". తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే మాట ఉంది: ఉండేలు. ఉండ, విల్లు కలిసి ఉండేలు. ఇప్పుడు పిల్లలు పంగలకర్రకి రబ్బరు కట్టి దాన్నే ఉండేలు అంటున్నారు గానీ, అసలుది నారికి మధ్యలో చిన్న వడిసెల సంచీలాంటిది ఉన్న విల్లు. ఉర్దూలో గులేల్.

ఐన్ జాలూత్‌లో మంగోలుల్ని ఓడించిన ఫౌజులో ముందు నిలిచిన బైబర్స్ పేరు చిన్నప్పుడు చదువుకున్నాం కదా. ఆయన పూర్తి పేరు రుక్నుద్దీన్ బైబర్స్ అల్ బుందుఖ్‌దారీ. ఆయన్ని మొదట కొన్న అమీర్ సుల్తాన్ ఉండేలు మోసే కొలువులో ఉన్నవాడు, ఆ కొలువు పేరే బైబర్స్‌కీ అతుక్కుంది. సంవత్సరం 1260. ఈజిప్టు ఫౌజు చేతికి తుపాకి ఇంకా రాలేదు. అంతకుముందే బగ్దాద్‌లో ఖలీఫా అన్నాసిర్ (1180–1225) బుందుఖ్ నిషానాబాజీని తన ఇఖ్తియార్ కిందికి తెచ్చుకున్నాడు. ఆయన పేరుతో దీక్ష తీసుకుంటేనే ఆడాలి, లేకపోతే లేదు. లైసెన్స్ రాజ్ మనకి లిట్టన్ నేర్పాడనుకుంటాం గానీ ఖలీఫా ఆయనకంటే ఏడొందల ఏళ్లు ముందున్నాడు.

ఇక తుపాకి. ఇది తుర్కీ "తుఫెక్", ఫార్సీ "తుఫంగ్" నుంచి వచ్చింది. 11వ శతాబ్దంలో మహమూద్ కాష్గరీ రాసిన తుర్కీ లుగత్‌లో దీని పూర్వరూపం "తువెక్" ఉంది. పచ్చి కొమ్మ బెరడుని గొట్టంలా ఒలిచి, అందులో చిన్న ఉండ పెట్టి, నోటితో "తుఫ్" అని ఊదితే పిట్టకి తగిలే ఆటవస్తువు. అంటే తుపాకి మొదట హవా బందూకే. బారూద్ తర్వాత వచ్చి ఆ పేరు లాక్కుంది.

ఇది అమ్మీకి చెబితే "తో క్యా హువా?" అంది. నిజమే, పోలీస్ స్టేషన్లో కాష్గరీ పనికిరాడు. అక్కడ పనికొచ్చేది కానూన్.

కానూన్ స్పష్టంగా ఉంది. 2016 ఆయుధాల నియమాల ప్రకారం బోర్ 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకుండా, గొట్టం నుంచి వచ్చే శక్తి 20 జౌల్స్ మించకుండా ఉంటే కొనుక్కునేవాడికి లైసెన్స్ అక్కర్లేదు. రెండిట్లో ఏది దాటినా కావాలి. పెట్టె మీద .22 అని ఉంటే దుకాణంవాడు ఎంత ముద్దుగా చెప్పినా ముట్టుకోవద్దు. జౌల్స్ లెక్క ఇంటర్ ఫిజిక్సే, మా వాడితోనే చేయించాను. ఛర్రా అర గ్రాము, వేగం సెకనుకి 200 మీటర్లు అయితే 10 జౌల్స్. 280 మీటర్లకి దాదాపు 20. "వెయ్యి అడుగుల స్పీడ్" అని పెట్టెల మీద గొప్పగా రాసేది చాలాసార్లు తేలికపాటి ఛర్రాతో కొలిచిన అంకె. అది చూసి మురిసిపోతే మోసపోతాం, లేదా కానూన్ దాటతాం.

ఆ లెక్కతోనే మా ఎంపిక సగం తేలిపోయింది. పెరట్లో కాగితానికి వేగం ఎందుకు? ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ దూరం 10 మీటర్లు, మా పెరడూ అంతే ఉంది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రాకి స్వర్ణం, 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్‌కి కాంస్యం వచ్చింది ఈ 4.5 మిల్లీమీటర్ల ఛర్రాతోనే. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటర్. దాన్ని కొట్టేది బలం కాదు, ఊపిరి బిగపట్టడం.

ముందే గాలి నింపుకునే పీసీపీ రైఫిల్ మెత్తగా, కదలకుండా కొడుతుంది. కానీ దానికి పంపు వేరే కొనాలి, ఖర్చు ఈదీకి అందదు. అదేం కొత్త సంగతి కాదు. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా ఫౌజు వాడిన గిరార్దోని గాలి తుపాకి ఇరవై గుండ్లు వరసగా పేల్చేది, దాని సిలిండర్ నింపడానికి పదిహేను వందల సార్లు పంపు కొట్టాల్సొచ్చేది. గొట్టాన్ని మధ్యకి విరిచి స్ప్రింగ్ బిగించే రకం చవక. ఉర్సుల్లో, తిరునాళ్లలో బెలూన్ల స్టాళ్ల మీద మనం చూసినవి అవే. గొట్టం వంకరపోయిన ఆ తుపాకులతో బెలూన్ కొట్టడం ఒక కరామత్, ఆ స్టాల్ నడిపేవాడికి మాత్రమే ఆ వంకర ఎటో తెలుసు.

మేం స్ప్రింగ్ రకమే తీసుకున్నాం. అందులోనూ తక్కువ శక్తిది, మా వాడు సులువుగా విరవగలిగేది. దుకాణంలో పదిసార్లు విరిపించి చూశాను. పదోసారికి చెయ్యి వణికితే అది వాడి తుపాకి కాదు. స్కోప్ వద్దన్నాను. స్ప్రింగ్ తుపాకి ముందుకీ వెనక్కీ రెండు వైపులా తంతుంది, చవక స్కోప్ ఆ దెబ్బలకి నెలలోపే ఊడిపోతుంది. ఇనుప గుర్తులతోనే నేర్చుకోమన్నాను. ఛర్రాలు మూతి చదునుగా ఉన్నవి తీసుకున్నాం, కాగితానికి గుండ్రంగా చిల్లు పడుతుంది, లెక్క తగాదా ఉండదు. ఛర్రా లేకుండా ఉత్తినే పేలిస్తే లోపలి పిస్టన్ పాడవుతుందని దుకాణంవాడు చెప్పకపోయినా చెప్పాను. బిల్లు నా పేరుతో. దాని రెండు జిరాక్సులు తీయించి ఒకటి అమ్మీ బీరువాలో, ఖురాన్ షరీఫ్ పెట్టే అర కింద పెట్టాను. పెద్దిరెడ్డిగారింటికి నేనే వెళ్లి, ఫలానా వస్తువు తెచ్చాం, ఫలానా టైంలో కొడతాం, గోడ ఇటువైపే అని చెప్పొచ్చాను. ఆయన నవ్వి, "చెప్పాల్నా?" అన్నారు. ఆయనకి చెప్పనక్కర్లేదు. నాకు చెప్పాల్సొచ్చింది. ఆ తేడా మా వాడికి ఇంకా తెలీదు. నేను చెప్పలేదు కూడా.

పలకరాళ్లు మాత్రం నేనే స్వయంగా మోసి పెరట్లోంచి బయటపడేశాను. మార్కాపురంలో పలక ముక్క లేని పెరడు ఉండదు, కడప బండ లేని గోడ ఉండదు. సీసం ఛర్రాకి రెండూ దుష్మన్లే. ఇసుక బస్తాలు రెండు నిలబెట్టి, ముందు పాత న్యూస్‌పేపర్లు కుక్కిన అట్టపెట్టె పెట్టాం. ఇద్దరికీ కళ్లద్దాలు. కొట్టాక సబ్బుతో చేతులు కడిగితే గానీ దస్తర్‌ఖాన్ మీద కూర్చోనివ్వను, సీసం జహర్.

రాళ్ల సంగతి మన హదీస్‌లోనే ఉంది. వేళ్లతో గులకరాయి విసిరే ఆటని రసూలుల్లా (స) మనా చేశారని అబ్దుల్లా బిన్ ముగఫ్ఫల్ (ర) చెప్పిన రివాయత్ ఉంది. దాంతో షికార్ చావదు, దుష్మన్ ఓడడు, పోయేది ఎవరిదో పన్ను, ఎవరిదో కన్ను అని దాని సారం. ఆ రివాయత్ నేను కుట్లు పడిన చాలా ఏళ్లకి చదివాను. చదివినప్పుడు చెయ్యి తనంతట తానే ఎడమకంటి కిందికి వెళ్లింది.

పిట్టల మాట కూడా అక్కడే తేలింది. కొందరు కుర్రాళ్లు కోడిని కట్టేసి నిషానా కొడుతుంటే ఇబ్నె ఉమర్ (ర) వచ్చారు, వాళ్లు పారిపోయారు. ప్రాణం ఉన్నదాన్ని నిషానా చేసేవాడి మీద రసూలుల్లా లానత్ ఉందని ఆయన చెప్పారు. బాణవిద్యని మెచ్చుకున్న దీనే ఈ హద్దూ గీసింది. ఫుఖహాలు ఇంకో మాట రాశారు. బుందుఖ్ ఉండ దెబ్బకి, జబహ్ అందకుండా చచ్చిన పిట్ట హలాల్ కాదు, అది కోతతో చచ్చింది కాదు, మోతతో చచ్చింది. కాబట్టి ఎయిర్ గన్‌తో గువ్వని కొట్టి కూర వండుకుందామనే గిద్దలూరు వైపు దోస్తులకి దీన్ దారీ లేదు, 1972 వన్యప్రాణి చట్టం దారీ లేదు. ఆవైపు గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం, పులుల అడవి. అక్కడ సంచిలో ఎయిర్ గన్‌తో దొరికితే .177 అని, 20 జౌల్స్ అని చెప్పినా వినేవాడుండడు.

ఇప్పుడు రోజూ అసర్ తర్వాత అరగంట. ఇరవై ఛర్రాలు, అంతే. మొదటి వారం కాగితం కంటే అట్టపెట్టెకే ఎక్కువ తగిలాయి. నిన్న ఐదింటిలో మూడు నల్లచుక్కలో పడ్డాయని ఆ కాగితం తీసుకెళ్లి వాళ్ల నానీకి చూపించాడు. అమ్మీ కళ్లజోడు పెట్టుకుని చిల్లుల్ని ఒక్కొక్కటీ వేలితో తడిమింది. "మిగతా రెండూ ఎక్కడికి పోయాయి?" అనడిగింది. వాడు వెళ్లి ఇసుక బస్తా చూపించేదాకా ఆ కాగితం చేతిలోంచి వదల్లేదు.