కొసరు నుండి సెల్‌ఫోను దాకా – కిరాణా ప్రకటనల కథ

రాయచూరు నుండి మంత్రాలయము పోవు బాటలో యరగేర కలదు. 1956 నవంబరు 1 వరకు ఈ సీమ హైదరాబాదు రాష్ట్రములోనిది. పిమ్మట మైసూరు రాష్ట్రములోనిది. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటకమైనది. పాలనలు మారినను ఇచట కన్నడము, తెలుగు ఇరుగుపొరుగులుగనే మెలగుచున్నవి.

ఇట్టి ఊళ్ల కిరాణా అంగడికి వెనుకటి దినములలో ప్రకటన యెందుకు? వర్తకుని నోటిమాటయే ప్రకటన, చేతి కొసరే బహుమానము. ఏ యింట పెండ్లి, ఏ యింట పురుడు, ఎవరికి పంటడబ్బు ఎప్పుడు వచ్చును – అన్నియు ఆయన ఎరుగును. ఆ యెరుకతోనే అరువిచ్చి ఖాతాలో వ్రాసికొనెడివాడు.

1871లో బొంబాయి, మద్రాసు రైలుమార్గములు రాయచూరున కలిసినవి. దూరపు సరుకునకు దారి యేర్పడినది. కాని సరుకు వచ్చినంతనే నమ్మకము రాదు. 1937లో లీవరు వారు డాల్డాను తెచ్చినప్పుడు నేతి రుచి మరగిన యిల్లాండ్రు దానిని ముట్టుటెట్లు? 1939లో లింటాస్ వారు పెద్ద ప్రచారమే సాగించిరి. సినిమాహాళ్లలో చిన్న చిత్రము, డబ్బా ఆకారపు గుండ్రని మోటారుబండి, చదువరులకు కరపత్రములు, వండి రుచి చూపుటకు వీధి దుకాణములు! తిని చూచియే కొనవచ్చును. అది నెయ్యికి సాటియా అన్న వాదము చాలకాలము నడచినది. ఆ యనుమానము తప్పని మనమనము.

1967లో వివిధభారతిలో ప్రకటనలు మొదలైనవి. 1980లో రామోజీరావుగారి ప్రియా పచ్చళ్లు వచ్చినవి. ఊరగాయను సీసాలో కొనుట మన అమ్మమ్మలకు వింతయే.

2011లో బెంగుళూరున బిగ్‌బాస్కెట్, 2016లో యూపీఐ, 2020లో జియోమార్టు బయలుదేరినవి. ఈనాడు ఫోనులో కందిపప్పు వెదకిన యింటికి మరునాడే పప్పుపై తగ్గింపు సందేశము రావచ్చును. ఖాతా పుస్తకము ఎరిగిన సంగతులనే ఈ యంత్రమును ఎరుగుచున్నది. ఒక్కటే భేదము: ఆ పుస్తకమును మనము తెరిపించి, లెక్క తప్పినచో నిలదీయగలిగితిమి. యంత్రము మనలను గూర్చి ఏమి వ్రాసికొన్నదో ఎవరిని అడుగవలెను? 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఆ యడుగు హక్కును కొంత తిరిగి యిచ్చుటకే.

చిన్న వర్తకులును ఊరకుండలేదు. ఉగాదికి కొత్త బెల్లము, కొత్త చింతపండు దిగినవని వాట్సాప్‌లో ధరలు పంపుచున్నారు. అరువు మాత్రము ఇంకను పుస్తకములోనే వ్రాయుచున్నారు.