భగ్నోత్సృష్టం: వద్దనుకొన్న ప్రాణి ఎక్కడికి పోతుంది?



కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో గోఽధ్యక్షుని గురించిన ప్రకరణం ఒకటి ఉన్నది. రాజుగారి పశుసంపదను ఎన్ని విధాల మందలుగా విభజించవలెనో చెబుతూ ఆచార్యుడు అక్కడ ఒక విలక్షణమైన సంజ్ఞను వాడినాడు. భగ్నోత్సృష్టకం. భగ్నమైనది, ఉత్సృష్టమైనది, విరిగినది, విడిచిపెట్టబడినది అని అర్థం. రోగగ్రస్తమైనవి, అంగవైకల్యం కలవి, అలవాటైన చేయి తప్ప మరొకరిని పితకనీయనివి, పితకడమే కష్టమైనవి, తన దూడను తానే చంపుకొనేవి, ఇటువంటి పశువులను నూరింటిని ఒక మందగా కూర్చి పాలకులకు అప్పగించవలెను. వచ్చిన ఫలంలో వారు తగిన భాగాన్ని రాజుకు చెల్లించవలెను. ఇందులో కరుణ కంటే లెక్క ఎక్కువగా కనిపిస్తుంది. అది నిజమే. అయినా ఎవరికీ అక్కరలేని ప్రాణికి ఒక పేరు, ఒక కాపరి, ఒక పద్దు ఉండవలెనన్న స్పృహ ఆ రాజ్యతంత్రానికి ఉన్నది. పసివాటికీ, ముసలివాటికీ, జబ్బుపడినవాటికీ గోపాలకులే చికిత్స చేయవలెనని అదే ప్రకరణం విధిస్తున్నది.

నేడు మనం ఆ పద్దును చూడడం మానుకొన్నాం. కుక్కను షెల్టరులో ఇచ్చాం, వట్టిపోయిన ఆవును గోశాలకు ఇచ్చాం అంటాం. ఇచ్చిన తరువాత ఏమైనదని అడిగితే సాధారణంగా సమాధానం ఉండదు. 'ఇచ్చాం' అన్న క్రియతోనే కర్తవ్యం తీరిపోయినట్లు మాట్లాడతాం. ఈ వ్యాసంలో ఆ తరువాతి చరిత్రనే పరిశీలించదలచినాను.

మొదట ఉపనిషత్తు దగ్గరకు వెళ్ళవలెను. కఠోపనిషత్తు ఆరంభమే ఇట్టి దానంతో. వాజశ్రవసుడు సర్వస్వదక్షిణ యాగం చేస్తూ గోవులను ఇస్తున్నాడు. ఏ గోవులను? నీరు త్రాగడం, గడ్డి మేయడం అయిపోయినవి, పాలు పూర్తిగా పిండబడినవి, ఇంద్రియ శక్తి ఉడిగినవి. పసివాడైన నచికేతుడు చూచి కలత చెందినాడు. అటువంటివాటిని దక్షిణగా ఇచ్చేవాడు ఆనందం లేని లోకాలకు పోతాడని భావించి, తండ్రి మేలు కోరి, మరి నన్నెవరికి ఇస్తావు అని అడిగినాడు. యమధర్మరాజుతో సంవాదమంతా ఆ ప్రశ్న నుండి పుట్టినదే. మనం ఆత్మవిద్య వైపు వేగంగా వెళ్ళిపోయి, ఆ ముసలి ఆవులను వాకిట్లోనే వదిలేస్తాం. కానీ శ్రుతి ఉద్దేశం స్పష్టం. తనకు వద్దనుకొన్నదానిని ఇతరుల చేతిలో పెట్టడం దానం కాదు.

గృహ్యసూత్రాలలోని వృషోత్సర్గం దీనికి ప్రతిపక్షంగా నిలుస్తుంది. అక్కడా పశువును విడిచిపెట్టడమే. అయితే పారస్కరుడు విధించిన వృషభం మందలో కెల్లా సుందరమైనది, అవయవలోపం లేనిది. దానిని అలంకరించి, శ్రేష్ఠమైన నాలుగు పడ్డలను తోడిచ్చి, స్వేచ్ఛగా తిరగమని విడుస్తారు. ఉత్సర్గం అన్న ఒకే మాటకు ఇక్కడ త్యాగమని, అర్థశాస్త్రంలో పారవేయబడడమని అర్థాలు వచ్చినవి. భేదం పశువులో లేదు, విడిచే చేతిలో ఉన్నది.

ఇక ఆశ్రయ గృహాల సంగతి. అశోకుడు పశువులకు ఆసుపత్రులు కట్టించినాడని మన పాఠ్యపుస్తకాలు వ్రాస్తాయి. శాసనంలో ఉన్నది మనుష్యచికిత్స, పశుచికిత్స అనే రెండు చికిత్సల ఏర్పాటు, ఓషధులు నాటించడం. కట్టడాల ప్రసక్తి లేదు. ఆ రెండవ శిలాశాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉన్నది. వద్దనుకొన్న ప్రాణులను చేర్చుకొనే ఇళ్ళను గురించి కళ్ళతో చూచి వ్రాసినవారు చాలాకాలం తరువాత గుజరాత్ తీరానికి వచ్చిన విదేశీయులు. 1580ల నాటి ఆంగ్ల వర్తకుడు రాల్ఫ్ ఫిచ్ ఖంభాత్‌లో గొర్రెలకు, మేకలకు, కుక్కలకు, పిల్లులకు, పక్షులకు వైద్యశాలలు ఉన్నవనీ, ముసలివై కుంటివైన వాటిని చనిపోయేవరకు పోషిస్తారనీ వ్రాసినాడు. 1623లో ఇటలీ యాత్రికుడు పియెత్రో డెల్లా వల్లే అదే ఊరిలో ఒక పక్షుల వైద్యశాలను చూచినాడు. తల్లిలేని చిట్టెలుక పిల్లలను దూదిలో పెట్టి, తెల్లని గడ్డం గల ఒక వృద్ధుడు కళ్ళద్దాలు పెట్టుకొని పక్షి ఈకతో పాలు పట్టిస్తున్నాడట! ఆ యాత్రికునికి అది వింత. నాకు మాత్రం ఆ వృద్ధుని పేరు ఎవరూ వ్రాసిపెట్టలేదే అన్న బాధ.

ఈ ఇళ్ళకే పాంజ్రాపోల్ అని పేరు. వాటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది బొంబాయిలోనిది, అది పుట్టిన విధం తెలుసుకోదగినది. కంపెనీ ప్రభుత్వం ప్రతి సంవత్సరం కొంతకాలం వీధికుక్కలను చంపించేది. 1832లో ఆ గడువును పొడిగించి, కుక్కకు 8 అణాల వంతున బహుమానం ఇచ్చింది. అణాల కోసం బంట్రోతులు వీధికుక్కలతో తృప్తిపడలేదు. ఇళ్ళలో పెంచుకొనేవాటినీ ఈడ్చుకొనిపోయి చంపినారు. జూన్ 6న పార్సీలు తిరగబడినారు. వారి మతంలో శునకం పవిత్రం. మృతుని దగ్గరకు కుక్కను తెచ్చి చూపించడం వారి అంత్యక్రియలో భాగం. జైన, హిందూ వర్తకులు వారితో కలిసి అంగళ్ళు మూసివేసినారు. కోటకు సరకులు అందలేదు. సైన్యం వచ్చి అణచివేసింది, కొందరికి శిక్షలు పడినవి. కానీ కుక్కలను చంపడానికి బదులు ఊరి వెలుపలికి పంపవచ్చునన్న ఆలోచన అప్పుడు బలపడినది. మరి పంపినచోట వాటికి తిండి ఎవరు పెడతారు? 1834లో జంషెట్జీ జీజీభాయ్ అనే పార్సీ వర్తకుడు, మోతీషా అనే జైన వర్తకుడు కలిసి భులేశ్వర్ ప్రాంతంలో పాంజ్రాపోల్ స్థాపించినారు. వర్తకులు తమ సరకు మీద తామే 'లాగా' అనే చిన్న రుసుము విధించుకొని దానిని నడిపించినారు. ఆ సంస్థ ఇప్పటికీ ఉన్నది.

ఆ వర్తకుల ధనంలో నల్లమందు వ్యాపారం ధనం కూడా ఉన్నదని చరిత్రకారులు గుర్తుచేస్తారు. గుర్తుచేయవలసినదే.

పాంజ్రాపోల్ నియమం ఒకటే: ఏ ప్రాణి వచ్చినా కాదనరాదు, ఏ ప్రాణినీ చంపరాదు. ఆంగ్లేయ విమర్శకులు దీనిలోని లోపాన్ని పట్టుకొన్నారు. చంపరు సరే, స్థలం చాలక, వైద్యం లేక లోపల ఉన్నవి నెలల తరబడి కృశించి చస్తున్నవి కదా అన్నారు. ఆ విమర్శలో అహంకారం ఉన్నది, సత్యం కూడా ఉన్నది.

అదే శతాబ్దిలో వారి దేశంలో మరొక మార్గం ఏర్పడినది. 1860లో మేరీ టీల్బీ అనే స్త్రీ లండన్‌లోని హాలోవేలో దారితప్పిన, ఆకలిగొన్న కుక్కలకు తాత్కాలిక గృహం తెరిచినది. పత్రికలు పరిహసించినవి. 1871లో అది బాటర్సీకి మారినది. యజమాని వచ్చి తీసుకొనిపోతాడనీ, లేదంటే కొత్త ఇల్లు దొరుకుతుందనీ ఆశ. కొద్ది రోజులలో ఎవరూ రాకపోతే మరణమే. 1884లో రిచర్డ్‌సన్ అనే వైద్యుడు బాధ తెలియకుండా చంపడానికి మత్తువాయువు గదిని అక్కడ అమర్చినాడు. న్యూయార్క్‌లో అంతకుముందు బందెలదొడ్డికి చేరిన కుక్కలను ఇనుప బోనులో పెట్టి ఈస్ట్ నదిలో ముంచేవారు. జంతుహింసా నివారణ సంఘాన్ని 1866లో స్థాపించిన హెన్రీ బెర్గ్ 1888లో మరణించినాడు. 1894లో ఆ సంఘమే నగర షెల్టరు భారాన్ని స్వీకరించినది. నదికి బదులు వాయువు వచ్చినది. రక్షించడానికి పుట్టిన సంఘమే చంపే పనిని భుజాన వేసుకొనవలసి వచ్చినది. ఇది వారి క్రూరత్వం అనుకోరాదు. ద్వారం దగ్గర విడిచి వెళ్ళినవారు ఎందరో, తీసుకొనిపోయేవారు కొందరే.

ఇక్కడ ఒక న్యాయసూక్ష్మం ఉన్నది. అమెరికాలో చాలాచోట్ల వీధిలో దొరికిన కుక్కను కొన్ని రోజులు తప్పక ఉంచవలెనని చట్టం. దానికోసం యజమాని వెదుకుతూ రావచ్చును గనుక. యజమాని తానే తెచ్చి సంతకం చేసి అప్పగించిన కుక్కకు అనేక ప్రాంతాలలో ఆ గడువు లేదు. దానికోసం వచ్చేవారు ఇక లేరని సంతకమే చెబుతున్నది. స్థలం లేకపోతే మొదటి రోజే దాని వంతు రావచ్చును. తప్పిపోయినదాని కంటే అప్పగించబడినది అధిక అనాథ. అక్కడి షెల్టర్లలో చంపబడే ప్రాణుల సంఖ్య 2011లో సుమారు 26 లక్షలని, 2019 నాటికి 9 లక్షల 20 వేలకు తగ్గినదని ఆ సంఘపు అంచనా. పెంచుకొనేవారు పెరగడం, సంతాన నిరోధక శస్త్రచికిత్సలు వ్యాపించడం ఈ తగ్గుదలకు ప్రధాన కారణాలు.

పాంజ్రాపోల్ మేలా, మత్తువాయువు మేలా అని తర్కించేవారు నాకు తరచు కనిపిస్తారు. ఆ తర్కం ద్వారానికి లోపలి వైపు జరుగుతున్నది. మహాభారతం ద్వారానికి వెలుపల నిలబడి మాట్లాడినది. మహాప్రస్థానంలో ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను వదిలి ఎక్కమన్నప్పుడు ధర్మరాజు చెప్పినదేమి? శరణాగతుని అప్పగించడం, స్త్రీవధ, బ్రహ్మస్వహరణం, మిత్రద్రోహం, ఈ నాలుగూ ఒక ఎత్తు, భక్తుని విడవడం ఒక్కటే ఒక ఎత్తు అన్నాడు. తమ్ములనూ ద్రౌపదినీ విడిచినవాడవు, కుక్కను విడువలేవా అని ఇంద్రుడు ఎత్తిపొడిచినాడు. వారు మరణించినారు, బ్రతికి ఉండగా నేను విడువలేదు అని ఉత్తరం. అక్కడ 'భక్తుడు' అన్న పదం కుక్కకు వర్తించినది. హస్తినాపురం నుండి వెంట నడిచి వచ్చినదే దాని భక్తి. మన ఇంటి గుమ్మం దగ్గర పది సంవత్సరాలు పడుకొన్నదానికి ఆ పదం వర్తించదని చెప్పగల పండితుడెవరు?

మన దేశంలో 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం వెనుక రుక్మిణీదేవి అరుండేల్ కృషి ఉన్నది. సరియైన కారణం లేక జంతువును ఆకలిదప్పుల పాలుచేసి విడిచిపెట్టడం ఆ చట్టం క్రింద నేరం. మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయలకు తగ్గక, 50 రూపాయలకు మించక అని వ్రాసినారు. అరవై ఏళ్ళకు పైగా గడచినా యాబది రూపాయలు యాబది రూపాయలుగానే ఉన్నవి. వీధికుక్కలకు శస్త్రచికిత్స చేసి పట్టుకొన్నచోటనే విడవవలెనని 2001 నుండి నియమాలున్నవి. ఇంట్లో పెరిగిన జాతికుక్కకు పట్టుకొన్న చోటంటూ లేదు. వీధిలో బ్రతకడం దానికి తెలియదు. ఆశ్రమంలో చేర్చితే బోనులో మూలకు ఒదిగి, అన్నం ముట్టకుండా, గేటు చప్పుడైనప్పుడల్లా తల ఎత్తి చూస్తుంది.

ఆలయాల మాట చెప్పకుండా ముగించలేను. సింహాచలంలో అప్పన్నకు దూడను సమర్పించే మొక్కు ఉన్నది, వేములవాడలో రాజన్నకు కోడె మొక్కు ఉన్నది. ఎద్దు వ్యవసాయానికి మూలాధారమైన కాలంలో అవి వృషోత్సర్గం వంటి పుణ్యకార్యాలే. ట్రాక్టరు వచ్చిన తరువాత కోడెదూడ పాడి రైతుకు భారమైనది. మొక్కు పేరుతో వచ్చే దూడలలో కొన్ని నచికేతుడు చూచిన కోవకు చెందినవే. ముసలితనం బదులు పసితనం, అంతే. పుట్టిన మొదటి దినాలలో జున్నుపాలు అందని దూడకు రోగాన్ని తట్టుకొనే శక్తి రాదు. పారుడు పట్టి త్వరగా చనిపోతుంది. నేను పూర్వం అర్చకత్వం చేసిన ఒక ఆలయంలో మూడు రోజుల దూడను ప్లాస్టిక్ తాడుతో స్తంభానికి కట్టి, కర్పూరం వెలిగించి వెళ్ళినారు. అధికారులకు చెబితే, రసీదు ఇచ్చాం కదా అన్నారు. అయిదవనాడు అది పోయింది. మరుసటి శుక్రవారం ఆ కుటుంబం ప్రసాదం కోసం వచ్చి, మొక్కు చెల్లినట్లేనా అని నన్నే అడిగినారు.

ఇప్పుడు సేవిస్తున్న చోట, దూడను సమర్పిస్తామని వచ్చేవారిని తల్లి ఎక్కడ ఉన్నదని ముందుగా అడుగుతున్నాను. కొందరు మొహం చిట్లించి వేరే గుడి చూచుకొంటారు. కిందటి కార్తీకంలో ఒక కుటుంబం మాత్రం ఆవునూ దూడనూ కలిపి తెచ్చి, ఆరు నెలల గడ్డికి పైకం కట్టింది. నెలకొకసారి వచ్చి తవుడు పెట్టి పోతున్నారు. వారి గొంతు వినగానే ఆవు లేచి నిలబడుతున్నది.