భోజనశాలలోని న్యాయస్థానము

గాంధీ మహాత్ములు 1891వ సంవత్సరమున లండనులో బారిస్టరు పట్టమును బొంది స్వదేశమునకు వచ్చిరి. బొంబాయి స్మాలుకాజు కోర్టులో తమ మొదటి వ్యాజ్యమున సాక్షిని ప్రశ్నించుటకు లేచి నిలువగా తల తిరిగి, నోట మాట రాక, పుచ్చుకొన్న 30 రూపాయలను తిరిగి యిచ్చి వెడలిపోయిరి. ఈ సంగతిని వారే తమ యాత్మకథలో వ్రాసికొనిరి. స్వభావమున గల బిడియ మిందుకొక కారణము. వారికి లభించిన విద్య రెండవ కారణమని మా యభిప్రాయము.

వారు చేరిన ఇన్నర్ టెంపుల్, లండనులోని నాలుగు న్యాయవాద నిలయములలో నొకటి. ఆ కాలమున పరీక్షలలో గెలిచి, నియమిత సంఖ్యలో విందులకు హాజరైనచో పట్టము దొరకుచుండెను. కాని యా భోజనశాలలు పూర్వమిట్లుండలేదు.

15, 16 శతాబ్దములలో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యాపీఠములు రోమక ధర్మమును, క్రైస్తవ మతధర్మమును బోధించుచుండెనే గాని, ఇంగ్లండు దేశపు న్యాయమును బోధింపలేదు. దానిని నేర్వగోరు వారికి ఈ నిలయములే గతి. రాత్రి భోజనములైన పిమ్మట నా శాలయే న్యాయస్థానమగుచుండెను. పెద్దలు న్యాయాధిపతులై కూర్చుండువారు. కల్పితమైన యొక చిక్కు వ్యాజ్యమును గైకొని, చిన్న విద్యార్థులు అభియోగ ప్రత్యుత్తరములను కోర్టులలో వాడుకయందున్న ఫ్రెంచిభాషలో నప్పగించువారు. పై తరగతివారు వాదించువారు. దీనికి ‘మూట్’ అని పేరు.

1642లో అంతర్యుద్ధము వచ్చి యీ యభ్యాసములు నిలిచిపోయెను. 1660 తరువాత పునరుద్ధరింప యత్నించిరి గాని, వాదించుటకంటె జుల్మానా చెల్లించుట సులభమని యనేకులు తలచిరి. ఆ శతాబ్దాంతమునకు విద్య పోయి విందు మిగిలెను. 1872లో పరీక్ష నిర్బంధమయ్యెను. కాని పరీక్ష కాగితము నోటికి మాటలు నేర్పదు గదా!

ఇరువదవ శతాబ్దమున మూట్ మరల తలయెత్తెను. 1960లో అమెరికాలో నారంభమై, నేడు జెస్సప్ అను న్యాయకోవిదుని పేర దేశదేశముల విద్యార్థులను గూర్చుచున్న పోటీలో, ప్రతి జట్టును వాదిపక్షమునకును ప్రతివాదిపక్షమునకును వినతిపత్రములు సిద్ధపరచి, ఉభయపక్షములను వాదింపవలయును. పూర్వపక్షమును బలముగా నిలిపిన పిమ్మటనే సిద్ధాంతము చెప్పు మన శాస్త్రకారుల పద్ధతికి ఇది దూరమైనది కాదు. ఎదిరివాని మాటలోని బలమును దానే యెత్తి చూపగలవాడు, ఆ వెనుక వానిని తేలికగా దూషింపజాలడు. ఇదియే యీ యభ్యాసముయొక్క ముఖ్యఫలమని మేము తలంచుచున్నాము.

మన దేశమున బార్ కౌన్సిలు 2008 నిబంధనలలో మూట్‌ను న్యాయవిద్యయందొక భాగముగా జేర్చినది. నియమము మంచిదే. కాని యొరులు వ్రాసిన వాదమును నకలు చేసి, మార్కుల కొరకు నాలుగు ముక్కలు చదివి కూర్చుండినచో, అదియు జుల్మానా చెల్లించుట వంటిదే. పేదవాని వ్యాజ్యమును జేపట్టి లేచి నిలుచు నాడు ఆ మార్కులు వానిని గాపాడవు.