తాబేలు బిళ్ళ

ఒరే, ఆ పాత చాప ఇట్లా తొయ్యండ్రా మంటలోకి. టైరు ముక్క మాత్రం ఎయ్యొద్దు. పోయిన భోగికి ఎవురో టైరు కాలిస్తే వారం రోజులు నాకు దగ్గు వదల్లేదు. పాపా, నువ్వు ఆ మేళం కాసేపు కింద పెట్టమ్మా. కత కావాలంటివే, కత కావాల్నా మేళం కావాల్నా?

ఆ మధ్య టీవీలో ఒలింపిక్సు చూస్తా నువ్వు ఒక మాట అడిగినావు గదరా. జెండా పట్టుకోని ఇద్దరో ముగ్గురో నడిచే దేశాలుంటాయే, గెలిచేది లేదు పెట్టేది లేదు, ఎందుకు వస్తారు తాతా అని. ఆ పొద్దు నాకు జవాబు తోచలా. ఇప్పుడూ తోచలేదనుకో. అయితే అట్లాంటి దేశపు పిల్లోణ్ణి ఒకణ్ణి నేను చూసినా. నా కత్తి వాని చేతిలో పెట్టినా.

అది 1995. అప్పుటికి మద్రాసు ఇంకా మద్రాసే, చెన్నై అయింది మరుసటేడు. మనూళ్ళో కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు అప్పుడప్పుడే లేస్తా ఉండినాయి. మీ నాయన స్కూలుకు పోతా ఉండె. నేను ఉప్పళంలో పని. ఉప్పళం సంగతి మీకేం తెలుసు, ఇప్పుడు ఆడ ఏముంది! ఐప్పసి నెల వాన పట్టిందంటే మడులన్నీ మునిగిపోతాయి, ఉప్పు తీసేది మళ్ళీ పొంగలి దాటినాకనే. ఆ మూడు నెలలు కూలీ ఉండదు. కడుపు మాత్రం ఉంటుంది.

అట్లాంటి ఖాళీ రోజుల్లో మీ అవ్వ తమ్ముడొచ్చి, మామా, మద్రాసులో సాబ్ గేమ్సు జరగతాయంట, ఊరంతా జనం, బోండాలు అమ్మితే దుడ్లే దుడ్లు అన్నాడు. అది సాఫ్ గేమ్సు. దక్షిణాసియా దేశాల ఆటలు. మనోళ్ళ నోట్లో సాబ్ అయింది. మొదుట 1984లో కాట్మండులో పెట్టినారంట, ఆనక డాకాలో, కలకత్తాలో, ఇస్లామాబాదులో, కొలంబోలో, మళ్ళీ డాకాలో. మద్రాసుది ఏడోసారి. డిసెంబరు 18 నుంచి 27 దాకా. ఏడు దేశాలు: మనం, పాకిస్తాన్, శ్రీలంక, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్, మాల్దీవులు. ఇదంతా నాకు తరవాత మనూరి అయివారు చెప్పింది. ఆ పొద్దు నాకు తెలిసింది ఒకటే, బోండాం అయిదు రూపాయలు.

మీ అవ్వ తిట్టింది. చలికాలంలో, మార్గళి మంచులో బోండాం ఎవుడు తాగుతాడు, మతుండాదా నీకు అని. ఆ మాట నిజమే. పొద్దున పదకొండు దాకా ఒక్క కాయ పొయ్యేది కాదు. పోనీలే, సగం దుడ్లు ముందే ఇచ్చేస్తిమి గదా, ఎనక్కి ఎట్లా వస్తాం?

తెల్లారి నాలుగున్నరకు అత్తిపట్టు స్టేషన్లో బండెక్కేది. ఎన్నూరు, తిరువొత్తియూరు, కొరుక్కుపేట, బేసిన్ బ్రిడ్జి, ఆనక మూర్ మార్కెట్టు. మూర్ మార్కెట్టు అంటే అప్పుటికి పేరే మిగిలింది, అసలు మార్కెట్టు 1985లోనే కాలిపోయింది. స్టేషన్ దిగి రిప్పన్ బిల్డింగు ఎనక పక్కకు పోతే నెహ్రూ స్టేడియం. పాత కార్పొరేషన్ స్టేడియం ఉన్న చోటే 1993లో కొత్తగా కట్టినారు. పాత దాంట్లోనే మన్కడ్, పంకజ్ రాయ్ ఇద్దరూ కలిసి 413 పరుగులు కొట్టింది, 1956లో. మా నాయన ఆ మాట చెప్తా చెప్తా సచ్చిపోయినాడు. ఆయనేమీ చూసింది లేదు, ఎవురో రేడియోలో విన్నోళ్ళు చెప్పగా విన్నాడంతే.

కాయలు పొళ్ళాచ్చివి. లారీ దగ్గిరికి పోయి గెలలు గెలలుగా ఏరుకోవాల. చేత్తో తట్టి చూస్తే తెలుస్తుంది, నీళ్ళ కాయా, వళుక్క, అదే లేత కొబ్బరి, పట్టిందా అని. అసలు కష్టం కాయలతో కాదు, కత్తితో. స్టేడియం చుట్టూరా పోలీసోళ్ళు. చెయ్యంత కొడవలి పట్టుకోని నిలబడితే ఊరుకుంటారా? గోనెసంచిలో చుట్టి, పైన కాయలు పేర్చి పెట్టుకునేది. గిరాకీ వస్తే తియ్యడం, కొట్టడం, మళ్ళీ దాయడం. దొంగసారా అమ్మినట్టే ఉండె బతుకు.

లోపలికి నేను ఒక్క దినం పోలేదు. తెలుసునా? పది దినాలు గోడ బయటే ఉన్నా. ఆటలు నాకు చెవులతో తెలిసినాయి. గోడ లోపల ఒక్కసారిగా హోరుమంటే మనోళ్ళకు బంగారం అని లెక్క. అట్లా హోరుమనీ హోరుమనీ మన దేశానికే వంద దాటినాయంట బంగారాలు. మొదుట్లో నేనూ చెయ్యెత్తి అరిచేవాణ్ణి. నాలుగో దినానికి ఏం అరస్తాం? అంగట్లో ఉన్న సరుకంతా ఒక్కడే కొనేస్తే పక్కోడికి ఏం మిగులుతుంది? ఆ యేడే మన శ్రీకాకుళం పిల్ల మల్లీశ్వరి చైనాకు పోయి ప్రపంచ పోటీల్లో బంగారం ఎత్తుకొచ్చింది చూడు, దానికి నేను అరిచింది వేరే.

అయిదో దినమో ఆరో దినమో. మధ్యాన్నం. ఒక పిల్లోడు వచ్చి నిలబడినాడు. నల్లగా, ఉంగరాల జుట్టు, సన్నంగా, చేతులు పొడుగ్గా. మెళ్ళో అట్ట కార్డు. నేను కేరళ పిల్లోడేమో అనుకున్నా. చొక్కా జేబు మీద చూస్తే జెండా, ఎర్ర గుడ్డలో పచ్చ పలక, పచ్చ పలకలో తెల్ల నెలవంక. ఏ దేశమో తెలీలా. వాడు కాయ మీద చెయ్యి పెట్టి 'కురుంబా' అన్నాడు.

నాకు ఒళ్ళు జలదరించిందిరా. అరవంలో కురుంబై అంటే ఏమి? పింది. తాటి పింది, టెంకాయ పింది. నేను కురుంబై లేదు నాయనా, ఇది ఎళనీరు అంటే వాడు నవ్వి మళ్ళీ కాయనే చూపించి 'కురుంబా, కురుంబా' అంటాడు. వాళ్ళ దివేహి బాసలో బోండాన్నే కురుంబా అంటారు. సముద్రంలో ఎక్కడో ఉన్న దేశపోడు వచ్చి మన ఈది మాట మాట్లాడినట్టు ఉండె నాకు.

మాల్దీవులు అని కార్డు చూపించినాడు. నాకు చదవడం రాదు గదా, పక్కన బజ్జీల కొట్టాయన చదివి చెప్పినాడు. ఆ పేరు నాకు తెలుసు. ఏడేండ్ల ముందు, 1988 నవంబరులో, ఆడ కిరాయి తుపాకులోళ్ళు దిగి రాజ్యాన్నే పట్టుకోబోతే మన మిలిట్రీ ఇమానాలు రాత్రికి రాత్రి పోయినాయి గదా, రేడియోలో అదే మాట రెండు దినాలు. అట్లాంటి దేశం ఒకటి ఉండాదని అప్పుడే తెలిసింది.

ఇంగ నేను కత్తి తీసినా. వాడు చెయ్యి చాపినాడు, నాకు ఇయ్యి అన్నట్టు. నేను ఇయ్యలా. ఆటగాడు రా, వేలు తెగితే నన్ను ఉప్పళంలో కాదు, జైల్లో వెతుక్కోవాల మీ అవ్వ. వాడు వదల్లా. అటూ ఇటూ చూసి, పోలీసాయన టీ తాగే దానికి తిరిగినప్పుడు ఇచ్చేసినా.

ఏం కొట్టినాడనుకున్నారు! మనం మూడు పక్కల నుంచి చెక్కతాం గదా, మొన తీసినట్టు. వాడు అట్లా కాదు. ఎడమ అరచేతిలో కాయ నిలబెట్టి, కాయను తిప్పతా తిప్పతా నెత్తిన చుట్టూ పల్చంగా చెక్కినాడు, తెల్లంగా టోపీ పెట్టినట్టు వచ్చింది. చివర్లో కత్తి మొనతో ఒక్క పోటు. చుక్క కింద పడలా. స్ట్రా ఇస్తే వద్దన్నాడు. తల ఎనక్కి వంచి గటగటా తాగేసి, పక్క చెక్కతో తనే గరిటె చేసుకోని వళుక్క తోడుకున్నాడు. నేను ముప్పై ఏండ్లుగా కొట్టినా అంత నున్నంగా రాలేదు నాకు. బజ్జీలాయన అరవంలో ఎగతాళి చేసినాడు, యోవ్, ఆ పిల్లోణ్ణే కూచోబెట్టి నువ్వు లోపలికి పోయి పరిగెత్తు అని.

వాళ్ళ దేశపు గుర్తులోనే టెంకాయ చెట్టు ఉండాదంట. పన్నెండు వందల దాకా దీవులు, జనం ఉండేది రెండు వందల దాంట్లో. ఎత్తయిన చోటు కూడా మనిషి పొడుగు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ యేటి జనాభా లెక్కలో దేశం మొత్తానికి రెండున్నర లక్షల లోపు. మనకైతే అది తాలూకా. దేశపు రాజధాని మాలే ఈ కొస నుంచి ఆ కొసకు నడిచిపోవచ్చు. మీ అవ్వ గవ్వలాడుతుందే, ఆ గవ్వలు ఒకప్పుడు ఆ దీవుల నుంచే బెంగాలుకు పడవల్లో పోతా ఉండినాయంట, ఆడ అవే చిల్లర దుడ్లు. అయివారు ఇంకోటి కూడా చెప్పినాడు, రాజరాజ చోళుడు శాసనంలో కొట్టించుకున్న 'పన్నెండు వేల పాత దీవులు' ఇవేనని. అయివారికి చోళులంటే పిచ్చి, మనం తెలుగోళ్ళమని గుర్తు చెయ్యాల ఆయనకు అప్పుడప్పుడు.

మరుసటి దినం మళ్ళీ వచ్చినాడు పిల్లోడు. ఆ పొద్దు వాని పరుగు అయిపోయింది. ఏమయింది అని చేత్తో అడిగినా. రెండు చేతులూ ఎత్తి ఏడు వేళ్ళు చూపించినాడు. ముఖం ఎలిగిపోతా ఉంది. ఏడో స్థానం! నేను అనుకున్నా, ఇంత పెద్ద ఆటల్లో ఏడోవాడంటే మాటలా! ఆ పూట కాయకు దుడ్లు తీసుకోలా. బజ్జీలాయన దగ్గిర వానికి రెండు మిరపకాయ బజ్జీలు కూడా ఇప్పించినా.

అయివారికి చెప్తే పడీ పడీ నవ్వినాడు. ఓరి పిచ్చోడా, వచ్చిందే ఏడు దేశాలు, పరిగెత్తింది ఏడెనిమిది మంది ఉంటారు, అంటే కడాకు వచ్చినాడు అన్నాడు.

నాకు రోషం వచ్చింది. అయివారి మీద, ఆ పిల్లోడి మీద కూడా. కడాకు వచ్చి అంత సంబరం ఎందుకు? బజ్జీలు ఎందుకు తిన్నట్టు? మూడో దినం వచ్చినప్పుడు అడిగేసినా, కడానా అని, భూమి చూపించి. అవును అని తలాడించినాడు. ఏం సిగ్గుపడలా. చేతి గడియారం నా ముందర పెట్టి, వేలితో సెకండ్ల ముల్లు చూపించి, ముందు ఇక్కడ, ఇప్పుడు ఇక్కడ అని చూపించినాడు. వాని పాత పరుగు కంటే కొత్తది ముందుకు జరిగింది. మిగిలినోళ్ళంతా తన ముందర పోతే పోయినారు, తన కంటే తానే ముందర వచ్చినాడు. ఆ గడియారం అద్దం మీద ఉప్పు పూసి ఉండె. చెమట ఎండి తెల్లంగా. ఉప్పు సంగతి నాకు తెలుసు గదా, ఎంత నీరు పోతే అంత తెలుపు మిగులుతుందో.

వాడు పొయ్యే ముందు ఒక బిళ్ళ ఇచ్చినాడు, కాయకు దుడ్లన్నట్టు. వద్దంటే జేబులో వేసేసినాడు. పేరు కూడా చెప్పినాడురా, రెండు మూడు సార్లు. నాకు నిలవలా. అది తల్చుకుంటే ఇప్పుటికీ బాధ.

లెక్క చెప్పల్నా? కత్తి ఒకటి పోలీసోళ్ళు పట్టుకున్నారు, కడా దినం మిగిలిన కాయలు రెండు రూపాయలకు ఇచ్చేసినా, మీ అవ్వ తమ్ముడు లాభం కాదు గదా అసలు కూడా లెక్క చెప్పలేదు. మీ అవ్వకు ఒక చీర మిగిలింది. అది కూడా సింథటిక్.

అప్పుటి నుంచి నాకొక పిచ్చి పట్టింది. అయివారు తినత్తంది పేపరు విప్పితే చాలు, మాల్దీవులు ఏమన్నా ఉండాదా అని అడిగేది. ఏండ్లకేండ్లు ఏమీ లేదు. సునామీ వచ్చినప్పుడు ఉంది. మన ఎన్నూరు గట్టునా ఏడ్చినారు, ఆడా ఏడ్చినారు. ఒలింపిక్సుకు వాళ్ళు 1988 నుంచి పోతానే ఉండారు. ఒక్క పతకం రాలా, అయినా పోతారు. భూటానోళ్ళయితే 1984 నుంచి వరసగా విలుకాండ్లనే పంపినారు, ఇంకో ఆటకు మనిషి పోయింది 2012లోనే.

2008లో ఒకదినం అయివారు ముఖం మాడ్చుకోని కూచోనుండె. ఫుట్‌బాల్, దక్షిణాసియా కప్పు, కొలంబోలో ఫైనల్, మనల్ని మాల్దీవులు ఒక గోలుతో కొట్టేసింది అన్నాడు. నూరు కోట్ల దేశం రా, మూడు లక్షలోళ్ళ చేతిలో ఓడినామే అని గునిసినాడు. నేను కూడా అయ్యో అన్నా. ఇంటికొచ్చి మీ అవ్వతో చెప్పి నవ్వుకున్నా. దేశద్రోహం అంటే అనుకోండి. 2018లో డాకాలో మళ్ళీ అదే ఫైనల్, మళ్ళీ వాళ్ళే, రెండు ఒకటి. అప్పుటికి అయివారు లేడు, మీ నాయన ఫోన్లో చూసి చెప్పినాడు.

ఇంగ 2019. డిసెంబరే. నేపాలులో ఆ ఆటలే, పదమూడోసారి. మీ నాయన రాత్రి అన్నం తింటా ఫోను నా ముందర పెట్టినాడు. నాయనా, నీ దేశపోడు చూడు అని. హసన్ సయీద్ అనే పిల్లోడు నూరు మీటర్ల పరుగులో ముందర వచ్చినాడు. ఆ ఆటల్లో మాల్దీవులకు మొట్టమొదటి బంగారం. 1984 నుంచి లెక్కెయ్యి, ముప్పై అయిదేండ్లు. ఫోన్లో వాని ముఖం పెద్దది చేసి చూసినా, మన పిల్లోడి కొడుకేమో, ఆ పోలికేమన్నా ఉండాదేమో అని. ఏం పోలిక, నాకు చూపు ఆనితే గదా. మూడుసార్లు పెట్టించుకోని చూసినా. పది సెకండ్లు, అంతే. బోండాం చెక్కే దానికి ఇంకా ఎక్కువ పడుతుంది.

ఆ బిళ్ళ ఏమయిందంటావా? యాడికి పోతుంది. మీ అవ్వ పోపుల డబ్బాలో మెంతుల గిన్నె అడుగున ఉంటుంది. అది మెంతుల వాసన వస్తుంది ఇప్పుడు. పాపా, పోయి తీసుకురా పో. అవ్వ నిద్ర లేపొద్దు.

ఆ, ఇదే. మంట దగ్గిర పట్టు, జాగ్రత్త, వేడెక్కుతుంది. ఒక పక్క యాభై అని ఉండాదా? రెండో పక్కకు తిప్పు. ఏం బొమ్మ అది?

తాబేలే. సముద్రం తాబేలు. మన గట్టుకు కూడా వస్తాయి, తై మాసం దాటితే గుడ్లు పెట్టే దానికి. కడాకు వచ్చినోడు తాబేలు బిళ్ళ ఇచ్చి పోయినాడని అయివారు మళ్ళీ నవ్వినాడులే. నవ్వనీ. ఇట్లా ఇయ్యి, ఎవురన్నా మింగేరు మళ్ళీ. ఆ మేళం ఇప్పుడు కొట్టుకో, తెల్లారింది.