రైలుకట్ట, లదేణి, తండా భవనం

జుక్కల్‌కు రైలు లేదు. బాన్సువాడకూ లేదు. రైలెక్కాలంటే మనం బోధన్‌కో, కామారెడ్డికో, నిజామాబాద్‌కో పోవాలి. బోధన్ నుంచి బీదర్ దాకా రైలు వెయ్యాలని ఈ ప్రాంతం అడగడం ఇవాళ్టి మాట కాదు. అయినా మన లంబాడీల చరిత్ర చెప్పాలంటే రైలు దగ్గర ఆగి చూడక తప్పదు. మన ఊరికి రాని రైలే మన తాతల వృత్తిని తీసుకుపోయింది.

బడిలో పిల్లలకు మేం రైలు గురించి చెప్పేటప్పుడు 1853లో బొంబాయి నుంచి ఠాణాకు మొదటి బండి నడిచిందని చెప్తాం. సరుకులు త్వరగా చేరాయి, వ్యాపారం పెరిగింది అని రాయిస్తాం. అంతకుముందు ఆ సరుకులు ఎవరు మోసేవారు అన్న ప్రశ్న పాఠంలో ఉండదు. మోసింది మన ఎద్దులు. వీపున గోనెలు వేసుకుని ఉప్పు, ధాన్యం దేశాలు దాటించిన ఆ పనినే మన గోర్ బోలీలో లదేణి అంటాం. 1632లో పీటర్ ముండీ అనే ఇంగ్లీషు వర్తకుడు దారిలో ఒక తండాను చూసి, అందులో ధాన్యం మోస్తున్న ఎద్దులు 14 వేలు ఉన్నాయని రాసుకున్నాడు. రోజుకు ఆరేడు మైళ్లకు మించి నడవరనీ రాశాడు. తండా అంటే అప్పుడు ఊరు కాదు, నడిచే గుంపు. నాయక్ అంటే ఆ గుంపును నడిపేవాడు. ఎక్కడ దిగాలి, నీళ్లు ఎక్కడున్నాయి, ఏ సంతలో ఏ ధర పలుకుతుంది అన్నది ఆయన లెక్క. రాత్రి దిగిన చోట గోనెలు చుట్టూ పేర్చి, వాటి మధ్యలో కూర్చుని తగువులు తీర్చుకునేవాళ్లు. మన మొదటి సభామందిరం అదే. తెల్లారితే ఉండదు.

మొగలుల సైన్యం దక్కనుకు వచ్చినప్పుడు ధాన్యం అందించింది మనవాళ్లే. భంగి, జంగి అనే ఇద్దరు నాయకులకు ఆసఫ్ ఖాన్ రాగిరేకు మీద హక్కులు రాసిచ్చాడన్న కథ మన పెద్దలు ఇప్పటికీ చెప్తారు. మైసూరు యుద్ధంలో కారన్‌వాలిస్ సైన్యానికి కూడా బంజారాల ఎద్దులే తిండి చేర్చాయి. రాజులు ఎవరైనా ఎద్దు మనదే.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1889 నాటికి అది బెజవాడ దాకా పోయింది. ఆ శతాబ్దం ముగిసేసరికి గోదావరి లోయ రైలుమార్గం సికింద్రాబాద్ నుంచి కామారెడ్డి, నిజామాబాద్, బాసర మీదుగా మన్మాడ్ వైపు సాగింది. సముద్రపు ఉప్పు ఇక వ్యాగన్లలో వచ్చింది. వందల ఎద్దులు నెలల తరబడి మోసే బరువు ఒక్క బండిలో రోజుల్లో దిగింది. మొత్తం తప్పు రైలుదే అనడం కూడా సరికాదు. ఉప్పు మీద సర్కారు పట్టు, అడవులకు కంచె, మేత బీళ్ల మీద పన్ను, ఇవన్నీ కలిసే వచ్చాయి. దానికి తోడు 1871లో నేరస్త తెగల చట్టం తెచ్చి, తిరుగుతూ బతికేవాళ్లను పుట్టుకతోనే దొంగలని రాశారు. బ్రిటిష్ ఇండియాలో చాలా చోట్ల బంజారాల పేరు ఆ జాబితాకెక్కింది. చట్టం 1952లో పోయింది. ఆ చూపు పోయిందో లేదో కొత్త ఊర్లో గది కిరాయికి అడిగిన మన పిల్లలు చెప్పాలి.

స్టేషన్ల చుట్టూ ఊళ్లు పెరిగాయి. వాటిలో మనకు దగ్గరది బోధన్. 1931లో నిజాంసాగర్ పూర్తయి కాలువ నీళ్లు పారాక చెరకు పండింది. 1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ పెట్టారు. జానకంపేట నుంచి రైలు కొమ్మ అక్కడికి పోయింది. శక్కర్‌నగర్ వెలిసింది. ఒకప్పుడు సరుకుకు యజమానులుగా తిరిగిన వాళ్ల మనుమలు చెరకు కొట్టే కూలీలుగా చేరారు. 2015 చివర ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు కొట్టే వలస మాత్రం ఆగలేదు, దిక్కు మారింది.

ఎద్దులు పోయాక తండా ఒకచోట నిలిచింది. నసాబ్ నాయక్ ఇంటి ముందు చేరింది. నాయక్, కారోబారి కూర్చుంటే తీర్పు అక్కడే. ఆడవాళ్లు ఆ వరసలో కూర్చోలేదు, ఆ మాట కూడా రాసి పెట్టాలి. తర్వాత సర్కారు కమ్యూనిటీ హాళ్లు వచ్చాయి. 2018 చట్టంతో 500 జనాభా దాటిన తండాలు పంచాయతీలయ్యాయి. ఆఫీసుకు గది లేని చోట ఆ హాలే పంచాయతీ. పెళ్లికి అదే, మీటింగుకు అదే.

హైదరాబాద్ కథ ఇంకో తీరు. మనవాళ్లు డేరాలు వేసుకున్న గుట్టలకు బంజారాహిల్స్ అని పేరు పడింది. 1930లలో అక్కడ మెహదీ నవాజ్ జంగ్ ఇల్లు కట్టుకుని దానికి బంజారా భవన్ అని పేరు పెట్టాడు. టాగూర్ అక్కడ బస చేశాడు. బంజారాల కోసం సేవాలాల్ బంజారా భవన్ అదే బంజారాహిల్స్‌లో తెరిచింది 2022 సెప్టెంబర్ 17న. పేరు ముందు, జాగా తర్వాత. మధ్యలో ఎనభై ఏళ్లకు పైగా.

మన జుక్కల్‌కు ఇంకో సంగతి ఉంది. మూడు రాష్ట్రాలు ఇక్కడ కలుస్తాయి. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు ఎస్టీలయ్యారు. బీదర్ వైపు ఇచ్చిన మన ఆడబిడ్డ పిల్లలు ఎస్సీలు. దెగ్లూర్ వైపు మేనమామ పిల్లలు విముక్త జాతి. బోలీ ఒకటే, సేవాలాల్ ఒకడే, సర్టిఫికెట్లు మూడు. ఒకప్పుడు ఎద్దుల బాట ఈ మూడు దిక్కులకూ పోయేది. ఆ బాటలకు ఇప్పుడు పటం లేదు.

తండా హాలు గోడ మీద శిలాఫలకం ఉంటుంది. దాని మీద మంత్రి పేరు, ఎమ్మెల్యే పేరు, మంజూరైన రూపాయలు ఉంటాయి. తండా ఏ దారిన వచ్చి ఇక్కడ దిగింది, మొదటి నాయక్ ఎవరు అన్నది ఉండదు. అది ముసలమ్మల దగ్గర ఉంది. లదేణి చూసినవాళ్లు ఎవరూ లేరు, కానీ చూసినవాళ్ల నోట విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు పాడే పాటల్లో ఊళ్ల పేర్లు వరసగా వస్తాయి. గోర్ బోలీకి లిపి లేదని ఆగనక్కర్లేదు, తెలుగు అక్షరాలు చాలు. టీచర్లం మనం తరగతికి నలుగురు పిల్లలను పంపినా ఒక తండా బాట దొరుకుతుంది. హాలు తాళం చాలాసార్లు సర్పంచ్ ఇంట్లోనే ఉంటుంది. తీజ్ తొమ్మిది రోజులు మాత్రం ఆడపిల్లలు గోధుమ మొలకలకు నీళ్లు పోస్తూ పాడుతుంటారు, అవ్వలు పక్కనే కూర్చుంటారు. నోటుబుక్కు పట్టుకుని అప్పుడు పోవాలి.